పాప నిద్ర లేచేదాకా

ఇంకా లేవలేదట. లేచేదాకా కూర్చోమన్నారు. కూర్చోవడం నాకేమీ కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో చాప మీద కూర్చున్నాను, నాన్న దవాఖానలో ఉన్నప్పుడు వరండాలో కూర్చున్నాను, తమ్ముడి పెళ్ళిలో పెళ్ళికూతురి నగల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముహూర్తం దాకా కదలకుండా కూర్చున్నాను. కానీ పదహారు నెలల మనిషి మధ్యాహ్నం నిద్ర ముగించుకుని దర్శనమిస్తుందని గద్వాల చీర కట్టుకుని, బల్ల అంచు మీద, వీపు ఆనించకుండా కూర్చోవడం మాత్రం నలభై ఒక్కేళ్ళకి ఇదే మొదలు. పక్కన మా అమ్మ జయమ్మ. ఆమె అంచు మీద కూర్చునే మనిషి కాదు. కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని, తమలపాకుల పెట్టె తెరిచి, ఈ శిశుగృహం తన పుట్టిల్లన్నట్టు స్థిరపడింది. నాంపల్లి స్టేషను వెనక పాత బంగళా ఇది. రైలు కూత పెడితే కిటికీ అద్దాలు గలగలమంటాయి, ఆ గలగలకి నేను లోపలి గది కర్టెను వైపు చూస్తాను. లేచిందేమో. లేవాలి. కాదు, ఇప్పుడే లేవకూడదు, నిద్ర చాలక లేచిన పిల్ల దేవుడి దగ్గరికి కూడా రాదు. నిండా పడుకోనీ. కానీ మరీ ఆలస్యమైతే విద్యావతిగారు ఇంటికి వెళ్ళిపోతారు.

విద్యావతిగారు ఈ గృహానికి సూపరింటెండెంటు. చెడ్డావిడ కాదు. చెడ్డావిడ అయితే నాకు సుఖంగా ఉండేది, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. పోయినసారి నన్ను గేటు దాకా సాగనంపుతూ మెత్తగా చెప్పారు, "చూడమ్మా శశికళా, నువ్వు మంచిదానివే, నాకు తెల్సు. గని పిల్ల ఒప్పుకోవాలె గద. ఎన్నిసార్లు వచ్చినా నిన్ను చూస్తనే మొఖం తిప్పుకుంటున్నది. వరంగల్ నుంచి మొగుడు పెండ్లాలు వచ్చి అడుగుతున్నరు. ఇంకొక్కసారి రా. నీ చేతికి వస్తే తీస్కపో. ఏడ్సి గగ్గోలు పెడితే ఇగ నేనేం చెయ్యలేను." కోర్టు అనుమతి ఇచ్చింది కదండీ అన్నాను. "ఇయ్యొచ్చని అన్నది, ఇయ్యాలె అని అనలేదు" అన్నారామె. మా వకీలూ అదే అన్నాడు. మొజంజాహీ మార్కెట్ మేడమీద కూర్చుంటాడు, కింద పండ్ల దుకాణాల వాసన, పైన చట్టం. కొత్త చట్టం వచ్చింది కదా, పెళ్ళి కాని ఆడది కూడా దత్తత తీసుకోవచ్చు, హోమం అక్కరలేదు, పురోహితుడు అక్కరలేదు, మొగుడు అసలే అక్కరలేదు, ఇచ్చేవాళ్ళు చేతులారా ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్ళు చేతులారా పుచ్చుకోవాలి, అది జరగందే ఎన్ని కాగితాలున్నా దత్తత కాదు, అన్నాడు. ఎంత సులువు అనుకున్నాను అప్పుడు. మామిడిపండ్లు బేరమాడి బుట్టలో వేయించుకున్నంత సులువు. మామిడిపండు మొహం తిప్పుకోదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మొహం తిప్పుకుంటుంది. నిజమే. మొదటిసారి చూసినప్పుడు ఆయా పోశవ్వ చంకలో ఉంది, పోశవ్వ మెడలోని పూసలదండ నోట్లో పెట్టుకుని. నేను చేతులు చాచాను. ఒక్క చూపు చూసింది, మా నాన్న పెన్నుల దుకాణంలో కొనవచ్చినవాళ్ళు నచ్చని పెన్నును చూసే చూపు, చూసి పోశవ్వ మెడలోకి దూరిపోయింది. రెండోసారి బొమ్మ పట్టుకెళ్ళాను. బొమ్మ తీసుకుంది, నన్ను తీసుకోలేదు. పోశవ్వ అయితే జాలిపడి, "లచ్చీ, ఓ లచ్చీ, జర పోవే బిడ్డా, అమ్మ మంచిగున్నది" అని నన్ను చూపించి చెప్పింది, సంతలో వస్తువు గుణాలు చెప్పినట్టు. ఎవరో అలా నా తరఫున సిఫారసు చేసి చాలా ఏళ్ళయింది. ఆఖరిసారి చేసింది నాన్న. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్ల నడక చూస్తామన్నారు, నడిచాను. పాట పాడమన్నారు, పాడాను. వాళ్ళు జంతికలు తింటుండగా నాన్న లోపలికొచ్చి, "అబ్బాయి నచ్చిండా బిడ్డా" అని అడిగితే, "ఆయన్ను కూడా ఒకసారి నడిపించండి నాన్నా, చూసి చెప్తా" అన్నాను. గోడలు పలచన. కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఎ. చదివిన ఫలితం అన్నారు బంధువులు, కాలేజీ వాళ్ళు నాకు నేర్పింది ఇంగ్లీషు చరిత్ర మాత్రమేనని ఎవరికీ చెప్పలేదు. తర్వాత వచ్చిన వాళ్ళు కొందరు, రాని వాళ్ళు ఎక్కువమంది, ఆ పైన నాన్న జబ్బు, తమ్ముడు కిషన్ పెళ్ళి, వాడి పిల్లలు. బాధపడ్డానా అంటే, తీరిక ఉన్నప్పుడు పడ్డాను. ఇంట్లో వంట, ఇస్త్రీ, మందులు, పాలవాడితో పోట్లాట, వీటి మధ్య దుఃఖానికి వేళ దొరికేది కాదు.

"సున్నం ఎండిపోయింది" అంటోంది అమ్మ. ఎవరితోనూ కాదు, సున్నంతోనే. "లేసిందా పిల్ల?" లేవలేదమ్మా. "గింత పగటి నిద్ర మంచిది గాదు. మనింట్ల గిట్ల నడ్వదు." మనింట్లో, అంది. వినబడనట్టు ఊరుకున్నాను. కొన్ని మాటలు పట్టించుకుంటే అమ్మ వెనక్కి తీసుకుంటుంది.

కిషన్ పెద్ద కూతుర్ని నేనే పెంచాను. మరదలు స్కూల్లో టీచరు, పొద్దున్నే పోయేది, పిల్ల నా నడుము మీదే పెరిగింది. స్నానం నేనే, అన్నం నేనే, జ్వరం వస్తే రాత్రంతా భుజం మీద నేనే. ఒక జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్ళాను. రంగులరాట్నం దగ్గర టిక్కెట్లాయన, "మీ పాప మీలాగే ఉన్నదమ్మా" అన్నాడు. నేను సంతోషించే లోపలే ఆ పిల్ల, "అమ్మ కాదు, అత్త" అని దిద్దింది. తప్పేమీ లేదు, నిజమే చెప్పింది. ఆ మరుసటి ఏడు వాళ్ళు బషీర్‌బాగ్‌లో ఇల్లు తీసుకున్నారు. సామాను బండి కదిలాక పిల్ల వెనక కూర్చుని చెయ్యూపింది, నేనూ ఊపాను, లోపలికొచ్చి చూస్తే నడుము ఇంకా ఒక పక్కకే వంగి ఉంది, ఎవరూ లేకపోయినా. చిన్నప్పుడు నేనూ కిషన్ ఆబిడ్స్‌లో గంటకింత అని సైకిల్ కిరాయికి తెచ్చుకునేవాళ్ళం. పడీ లేచీ, మోకాళ్ళు గీరుకుని, సరిగ్గా హ్యాండిలు చేతికి మాలిమి అయ్యే వేళకి దుకాణం వాడు చప్పట్లు కొట్టి పిలిచేవాడు. దుకాణం వాడిది తప్పని ఎవరంటారు? సైకిల్ వాడిదే కదా. అదిగో, అప్పుడనుకున్నాను, ఇక కిరాయి సైకిల్ వద్దు అని. ఏదో గొప్ప నిర్ణయంలా కాదు, పప్పు తాలింపు వేస్తూ అనుకున్నాను. తాలింపు మాడింది.

అమ్మతో చెప్పడానికి ఇంకో నెల పట్టింది. అమ్మ విని, చాలాసేపు చింతపండు పీచు తీస్తూ కూర్చుని, "ఎవ్వరి పిల్లనో" అంది. అవును. "కులం గోత్రం తెల్వదు." తెలీదు. "స్టేషన్ల దొరికింది అంటున్నవ్." అవును, నాంపల్లి స్టేషన్‌లో, ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో, కడిగిన గౌనుతో, నిండు పొట్టతో, ఎవరో చాలా జాగ్రత్తగా విడిచి వెళ్ళిన పిల్ల. మర్నాటి నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి, గిన్నెల చప్పుడు పెరిగింది. ఇక ఒప్పుకోదనుకున్నాను. పది రోజులు పోయాక ఒక పొద్దున వంటింట్లో శొంఠి, పిప్పళ్ళు, వాము దంచుతున్న చప్పుడు. ఏంటమ్మా అంటే, "కాయం" అంది. కాయం బాలింతలకి పెట్టేది. ఎవరు బాలింత అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లకు పసిపిల్ల రావట్టె, తల్లి ఒళ్ళు గట్టిగుండొద్దా? మూసుకొని తిను" అంది. బెల్లం, నెయ్యి పోసి ఉండలు కట్టింది. నేను కనలేదు కదమ్మా అంటే, "కనుడు ఒక్క పూట పని. తర్వాతది కష్టం. దానికే కాయం" అంది. అంతటితో ఆగితే బాగుండేది. తలకు గుడ్డ కట్టింది, చెవుల్లో దూది పెట్టింది, చన్నీళ్ళు ముట్టొద్దంది. బి.ఎ. చదివిన నేను ఎదురుచెప్పలేదు. అమ్మ నన్ను ముట్టుకుని ఎన్నాళ్ళయిందో, ఆమె వేళ్ళు చెవి దగ్గర దూది సర్దుతుంటే ఎదురు ఎలా చెప్పను?

సరిగ్గా అప్పుడే పక్క వాటా వీరమ్మ చక్కెర అప్పుకని వచ్చింది. వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. నెయ్యిలో వేగిన కాయం వాసన పెద్ద పోస్టాఫీసు దాకా పోతోంది. తలకు గుడ్డతో, చెవుల్లో దూదితో, పీట మీద నేను. "ఏందక్కా గిది" అని అమ్మనడిగింది. అమ్మ, పాపం, గర్వంగానే, "మా శశికి బిడ్డ వస్తున్నదే" అంది. "ఎన్ని నెలలు?" "పదహారు" అంది అమ్మ. వీరమ్మ చక్కెర మరిచి వెళ్ళిపోయింది. ఏనుగుకైతే ఇంకో ఆరు నెలలు పట్టేదని చెప్పి ఆమెకు ధైర్యం చెబుదామనుకున్నాను, కానీ చెవుల్లో దూది పెట్టుకుని చెబితే ఎవరు నమ్ముతారు. సాయంత్రానికి ఆబిడ్స్ సందంతా నాకు పురుడు పోసింది. పంపు దగ్గర ఆడవాళ్ళు నా నడుము వంక చూడటం, కూరగాయలామె ఎన్నడూ లేనిది కొసరుగా మెంతికూర వెయ్యడం. పాలు పడతాయట.

మూడోనాడు కిషన్ స్కూటరు మీద ఊడిపడ్డాడు. కూర్చోలేదు, చాయ్ ముట్టలేదు. "అక్కా, జర సోంచాయించు. లోకం ఏమంటున్నదో ఎర్కేనా?" ఎరుకే తమ్మీ, అన్నాను, లోకం నన్ను గురించి అనుకుంటున్నంత ధైర్యం నాకే ఉంటే ఈ పని ఇరవయ్యేళ్ళ కిందనే అయిపోయేది. నవ్వలేదు వాడు. చిన్నప్పుడైతే నవ్వేవాడు. "రేపు నా బిడ్డలకు సంబంధాలు రావొద్దా?" అన్నాడు. ఆ బిడ్డల్లో పెద్దదానికి ఎవరు అన్నం తినిపించారో నేను గుర్తు చెయ్యలేదు, వాడికీ గుర్తే, అందుకే చూపు నా మీద నిలపలేకపోయాడు. అప్పుడు అమ్మ వంటింట్లోంచి గరిటతో సహా వచ్చి, "ఏం రా, కాయం చేసింది నేను. అనేదుంటే నన్ననమను ఆ లోకాన్ని. ఈడికే తోల్కరా, ఇంత దానికీ పెడత, గొంతు మండాలె" అంది. కిషన్‌కు పొలమారింది. నవ్వేనేమో, దగ్గుగా మార్చుకున్నాడు. పోతూ పోతూ, "మంచం కావాల్నా పిల్లకు? మా పిల్లది అటక మీద ఉన్నది" అని గోడకి చెప్పి స్కూటరు ఎక్కాడు.

మంచం వచ్చింది. వాకిట్లో ఎండబెట్టి, నవారు బిగించి, నా మంచం పక్కన వేశాను. ఇవాళ ఖాళీ మంచం దగ్గరికే వెళ్తానేమో. రైలు ఇంకోటి. కిటికీ గలగల. కర్టెను కదల్లేదు.

ఆ వరంగల్ వాళ్ళు ఎలా ఉంటారో. ఆవిడ బొద్దుగా ఉంటుందేమో, పిల్లలకి బొద్దు చేతులు ఇష్టం. ఆయనకి గొంతు పెద్దదేమో, భుజాల మీద ఎక్కించుకుని పోచమ్మ జాతర చూపిస్తాడేమో. నేను ఏం చూపిస్తాను? అద్దెకిచ్చిన నాన్న పెన్నుల దుకాణం, దాని మీద వచ్చే కిరాయి, ఒక అమ్మమ్మ, వాకిట్లో ఒక జామచెట్టు. నాన్న ఎవరమ్మా అంటే, చట్టం అక్కరలేదందే తల్లీ అంటానా? దానికి ఇరవై వచ్చేనాటికి నాకు అరవై. కాలేజీ గేటు దగ్గర దింపితే, మీ నానమ్మా అని అడుగుతారు. అడగనీ. పిల్ల నన్ను వద్దంటోందంటే దానికేదో తెలిసే అంటోందేమో, పసివాళ్ళకి తెలుస్తుందంటారు. నాకు పిల్ల కావాలి, సరే. పిల్లకి నేను కావాలా? ఇది ఎవరూ అడగలేదు, వకీలు అడగలేదు, జడ్జి అడగలేదు, విద్యావతిగారొక్కరే అడిగారు, అందుకే ఆమె మీద కోపం రావడం లేదు. లేచి వెళ్ళిపోదామా? వరంగల్ వాళ్ళకే ఇవ్వండి అని చెప్పి, గౌరవంగా. అమ్మను లేపి, రిక్షా పిలిచి, మార్కెట్ దగ్గర దిగి అమ్మకి ఐస్‌క్రీం ఇప్పించి. ఆమెకి ముందు పళ్ళు లేవు, ఐస్‌క్రీం ఒక్కటే ధీమాగా తింటుంది.

"అమ్మా, పిల్ల నా దగ్గరికి రాకపోతే?" పైకే అనేశానని అమ్మ ఇటు తిరిగాక తెలిసింది.

"రాకపోతే ఏంది?"

"రాకపోతే ఇయ్యరు."

అమ్మ ఆకు మడిచి దవడన పెట్టుకుంది. "నువ్వు పుట్టంగనే నన్ను జూసి ఏం నవ్వినవా? మూడు నెల్లు ఒక్కటే ఏడుపు. మీ నాయన సామాను సర్దుకొని దుకాణంల పండేటోడు. నన్ను ఎవరన్నా అడిగిన్రా, పిల్ల ఒప్పుకున్నదా అని?" కాసేపు నమిలింది. "నేను పోయినంక నీకు దిక్కెవరు అని కిషన్ అంటుండె. నాకు ఆ ఫికర్ లేదే. నువ్వు ఎవ్వరికి వండుతవా అని ఫికర్."

ఈసారి రైలు చాలా దగ్గరగా, చాలా పొడుగ్గా కూసింది, ఇంజను మా బల్ల కిందనుంచే పోతున్నట్టు. ఆ కూత ఆగినా ఇంకో కూత ఆగలేదు. అది లోపలి గదిలోంచి.

లేచింది. నిద్ర చాలలేదు. నేను వద్దనుకున్నట్టే లేచింది.

నిలబడ్డాను. చేతులు తుడుచుకున్నాను, తడి లేకపోయినా. కర్టెను తొలగించుకుని విద్యావతిగారు వచ్చారు, చంకలో పిల్ల, ఒక చెంప మీద చాప అచ్చు, జుట్టు చెమటకి నుదుటికి అంటుకుని, కళ్ళు మూసుకునే ఏడుస్తోంది. పోశవ్వను కనబడకుండా వెనక పెరట్లోకి పంపినట్టున్నారు. పిల్ల ఏడుస్తూనే కళ్ళు తెరిచి ఒక్కొక్క మొహమే వెతుకుతోంది. విద్యావతిగారు పిల్లను నా చేతుల్లో పెట్టారు. పెట్టారు. ఎంత వేడిగా ఉంది. ఎంత బరువు. ఇంతకుముందు ఒక్కసారి కూడా పూర్తి బరువు నా మీద పడలేదు. నన్ను చూసింది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది, ఇంకేముంది, అని నాలో ఏదో వెర్రిగా ఆశపడింది, ఆ బిగబట్టిన ఊపిరంతా ఒకేసారి వదిలి ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది. వెనక్కి విల్లులా వంగిపోయింది. కాళ్ళతో నా పొట్టలో తన్నింది, చీర కుచ్చిళ్ళు ఊడాయి, ముక్కు మీద ఒక దెబ్బ, చెవి కమ్మ పట్టుకుని లాగితే ప్రాణం పోయింది.

"చూసినవా మరి" అన్నారు విద్యావతిగారు. ఆమె మొహంలో నిజంగానే జాలి. రెండు చేతులూ ముందుకు చాచారు. "ఇటియ్యమ్మా. ఇగ దాన్ని హైరానా పెట్టొద్దు. ఇటియ్యి."

నలభై ఒక్కేళ్ళు ఎవరు ఏది అడిగితే అది ఇస్తూ వచ్చిన చేతులివి. నాన్న బీరువా తాళాలు కిషన్‌కి ఇచ్చాను, నా గాజులు మరదలి పురుటికి ఇచ్చాను, సామాను బండి వచ్చిన రోజున పిల్లనే ఎత్తి ఇచ్చాను. అలవాటు చొప్పున మోచేతులు కదులుతాయనుకున్నాను. కదల్లేదు. "ఇయ్యను" అని ఎవరో అన్నారు. నేనే.

"ఏంది?"

"ఇయ్యనండి. మీరు ఇచ్చిన్రు, నేను తీసుకున్న. ఏడ్వనియ్యండి. దానికి ఎరుకున్నోళ్ళంత ఈ ఇంట్లనే ఉన్నరు, విడిచిపెట్టి పొమ్మంటే ఏడ్వదా? ఏడ్వకపోతేనే నేను భయపడుదును."

"ఎంతసేపు ఏడుస్తదో తెల్సా నీకు? నీళ్ళు తాగదు, అన్నం తినదు. రేపు గూడ ఏడుస్తది, ఎల్లుండి గూడ."

"ఏడ్వనీ. నాకు వేరే పనేం లేదు."

విద్యావతిగారు చాచిన చేతులు అలాగే ఉంచి నన్ను చూశారు. పిల్ల అరుపుల మధ్య గోడ గడియారం కొట్టింది, ఎంత కొట్టిందో ఎవరం లెక్కపెట్టలేదు. అమ్మ తమలపాకుల పెట్టె మూసి, కాళ్ళు కింద పెట్టింది. తర్వాత విద్యావతిగారు చేతులు దించుకుని, చీర కొంగుతో మొహం తుడుచుకుని, పెరటి వైపు తిరిగి పిలిచారు, "పోశవ్వా, పిల్ల గౌన్లు మూట గట్టి తే."

పోశవ్వ వచ్చింది, మూటతో. ఆమె మొహం కనబడగానే పిల్ల నా చేతుల్లోంచి మొత్తం ఒళ్ళు అటు విసిరింది, రెండు చేతులూ చాచి, "అవ్వా" అంది. నాకు తెలిసి దానికి వచ్చిన ఒకే ఒక మాట. పోశవ్వ మూట బల్ల మీద పెట్టింది. ఒక అడుగు ముందుకేసింది. ఆగిపోయింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలంటే చేతులు ముందుకు తేవాలి, తేలేదు. "పో బిడ్డా" అంది. "మీ అమ్మ దగ్గరుండు."

పిల్ల ఆ చేతుల కోసం చూసింది. ఎక్కడున్నాయో అర్థం కాలేదు. విద్యావతిగారి వైపు చూసింది, ఆమె తల తిప్పుకున్నారు. మా అమ్మ వైపు చూసింది, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక ఎవరూ మిగల్లేదు. అప్పుడు, చేసేదేమీ లేక, వేడి వేడి తలను నా భుజం మీద ధబ్బున పడేసి, నా మెడలోకి మొహం దూర్చి, ఎంగిలీ కన్నీళ్ళూ నా జాకెట్‌లోకి కారుస్తూ, ఏదేదో తన భాషలో ఆగి ఆగి చెప్పడం మొదలుపెట్టింది. నా మీద ఫిర్యాదే అది, అనుమానం లేదు. నాకే చెప్పుకుంటోంది.